తెర మీది మోకాలు

మా జిల్లాలో ఇకమీదట పరుగు పందేలను ఎవరూ పరుగెత్తకుండానే నిర్వహించాలని రాష్ట్ర కార్యాలయం నుంచి సర్క్యులర్ వచ్చిన రోజున నేను నా సీట్లోనే ఉన్నాను. ఉన్నట్టు హాజరుపట్టీలో సంతకం కూడా ఉంది కాబట్టి ఈ విషయంలో నా మాట నమ్మవచ్చు.

నా పేరు సదానందం. జిల్లా క్రీడా కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటును. ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను పరుగెత్తింది రెండే సార్లు. రెండుసార్లూ ఆడిట్ వాళ్లు చెప్పకుండా వచ్చినప్పుడే.

మైదానాల్లో దుమ్ము, ఎండ, రాళ్లు ఉన్నాయని, పరుగెత్తేటప్పుడు పిల్లలు పడిపోతున్నారని, పడ్డ పిల్లలు లేచి వెళ్లిపోతున్నా వాళ్ల పేరున పుట్టిన ఫైళ్లు మాత్రం లేవడం లేదని ఉన్నతాధికారులు గుర్తించారట. దుమ్ము, ఎండ, రాళ్లు తీసెయ్యడం కష్టం. పరుగు తీసెయ్యడం తేలిక. అందుకని ఎంపికలన్నీ వీడియో గేమ్ ద్వారానే జరపాలని ఆదేశించి, దానికి ‘స్పర్శరహిత క్రీడా వికాస పథకం’ అని పేరు పెట్టారు.

ఏ గేమ్ అన్నది సర్క్యులర్లో లేదు. ‘అత్యధిక సౌకర్యములు గలది’ అని మాత్రం ఉంది. మా జిల్లా క్రీడాధికారి పరాంకుశం గారు నియమం తప్పని మనిషి. షాపువాడు తెచ్చిన అట్టపెట్టెల వెనక రాసి ఉన్న సౌకర్యాలను వేలితో చూపిస్తూ స్వయంగా లెక్కపెట్టారు. క్రికెట్ గేమ్‌కు పంతొమ్మిది. కుస్తీ గేమ్‌కు ఇరవై ఆరు. అమెరికన్ ఫుట్‌బాల్ గేమ్‌కు నలభై మూడు. వానలో ఆట, మంచులో ఆట, ఆటగాళ్లకు దెబ్బలు తగలడం, వయసు మీద పడటం, జట్టు మారడం, జుట్టు మారడం, అన్నీ అందులో ఉన్నాయి.

“సార్, ఆ ఆట మన దగ్గర ఎవరూ ఆడరు గదా” అన్నాను.

“అదే దాని ప్రత్యేకత సదానందం. ఎవరూ ఆడని ఆటలో పక్షపాతమునకు ఆస్కారం లేదు” అన్నారు ఆయన.

గేమ్ వచ్చింది. సమావేశ మందిరంలో పెద్ద టీవీకి తగిలించాం. పథకం పరిశీలన సంఘంలో పరాంకుశం గారు అధ్యక్షులు, నేను కన్వీనర్ని, మిగతా ఇద్దరు సెలవులో ఉన్నారు. మూడు రోజులు పరిశీలించాం. మొదటి పూట ఏమీ అర్థం కాలేదు. చూడగా చూడగా ఆ ఆట మాకు ఎప్పట్నుంచో తెలిసిందే అనిపించసాగింది.

పదకొండు మంది గుండ్రంగా గుమిగూడి, తలలు దగ్గరపెట్టి, ముందు ఒక మీటింగు పెట్టుకుంటారు. మీటింగు అయ్యాక వరుసగా వంగి నిలబడతారు. ఆరు సెకన్లు పని జరుగుతుంది. అందరూ ఒకరి మీద ఒకరు పడతారు. పని ఆగిపోతుంది. ఎంత ముందుకు జరిగిందో గొలుసు తెచ్చి కొలుస్తారు. ఇంతలో చారల చొక్కా రిఫరీ పసుపు గుడ్డ విసిరి అభ్యంతరం తెలిపాడంటే జరిగిన పని జరగనట్టే. వచ్చిన చోటికి వెనక్కి పోయి మళ్లీ మీటింగు పెట్టుకుంటారు. గంట ఆటలో నిజంగా ఆడేది పదకొండు నిమిషాలని నేను గడియారం పెట్టి చూశాను.

పరాంకుశం గారి కళ్లు చెమర్చాయి. “మన కార్యాలయ విధానమే సదానందం. దేశం కాని దేశంలో దీనికి జనం టికెట్లు కొనుక్కుని వస్తున్నారు. మనకిక్కడ విలువ లేదు” అన్నారు.

కొన్నాక నిపుణుల అభిప్రాయం జతచేయాలని రూలు ఉంది. కొనక ముందే జతచేయాలని ఇంకో రూలు కూడా ఉందిగాని దాన్ని మేము తర్వాత చూశాం. విదేశీ పత్రికల్లో ఆ గేమ్ మీద వచ్చిన సమీక్షలను నేను ఇంటర్నెట్లో వెతికి, తెలుగులోకి మార్చి, ఫైల్లో పెట్టాను. ఆ సమీక్షకులు ఒక్కొక్కరు ఉతికి ఆరేశారు. పదికి అయిదు ఇచ్చినవాడే దయగలవాడు.

ఒకాయన ఇలా రాశాడు: పోయినేటి గేమ్‌కు, ఈ ఏటి గేమ్‌కు తేడా పెట్టె మీది సంవత్సరం అంకె ఒక్కటే.

నేను భయపడుతూనే చదివాను. పరాంకుశం గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. “దీన్ని విమర్శ అంటారా? మన వార్షిక నివేదికను తొమ్మిదేళ్లుగా నేను ఏ విధంగా రూపొందిస్తున్నాను? సంప్రదాయ పరిరక్షణ అని అనువదించండి” అన్నారు.

వ్యాఖ్యాతలు చెప్పిన మాటే ఇరవైసార్లు చెబుతున్నారని మరొకాయన వాపోయాడు. “ప్రసంగములందు స్థిరత్వం కలదు” అని రాయించారు. ప్రేక్షకులందరికీ ఒకే ముఖం ఉందని, ఎందుకు చప్పట్లు కొడుతున్నారో వాళ్లకే తెలియదని ఇంకొకరు ఎత్తిపొడిచారు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అటువంటి సభలు మేము ఎన్ని జరపలేదు! ఆ వాక్యానికి అనువాదం అక్కర్లేదని వదిలేశాం.

చివరి సమీక్షలో మాత్రం ఒక హెచ్చరిక ఉంది. ఈ గేమ్‌లో దెబ్బలు మరీ ఎక్కువ తగులుతాయి, గాలి సోకినా మోకాలు విరుగుతుంది, కాస్త చూసుకోండి అని. దాని పక్కన పరాంకుశం గారు ఆకుపచ్చ సిరాతో ‘గమనించడమైనది’ అని రాసి సంతకం చేశారు. మా ఆఫీసులో ఒక విషయాన్ని గమనించామంటే ఇక దాని జోలికి వెళ్లమని అర్థం.

సారక్క ఆ మర్నాడే వచ్చింది.

వెంట ఆమె చదువుకున్న స్కూల్లో ఆటలు నేర్పే వజ్రమ్మ టీచర్ ఉంది. సారక్కకు పంతొమ్మిదేళ్లు. బక్కగా, పొడుగ్గా, కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడే పిల్ల. నాలుగు వందల మీటర్ల పరుగులో మండలంలో ఆమెను దాటినవాళ్లు లేరు. రాష్ట్ర పోటీలకు ఎంపికైనట్టు మా ఆఫీసు పత్రం ఇస్తే, వ్యాయామ టీచర్ల కాలేజీలో క్రీడా కోటా కింద ఆమెకు సీటు వస్తుంది. ఆ పత్రం మీద శనివారం సాయంత్రం లోపల ముద్ర పడాలి.

“ఈ యేడు సీటు రాకుంటె ఇంట్ల ఆగరు సార్. గోదాముకు మిర్చి ఏర తోలుతరు. మా అక్కను గట్లనే తోలిండ్రు, ఇప్పటికీ ఆడ్నే ఉన్నది” అంది సారక్క.

“భయపడకు బిడ్డా, నీ వివరాలు ఎక్కిద్దాం” అన్నాను నేను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపం ఉంది.

ఆ గేమ్‌లో మనకు కావలసిన ఆటగాణ్ని మనమే తయారు చేసుకోవచ్చు. ఎత్తు, బరువు, వేగం, బలం, చురుకు, ఒక్కోదానికి తొంభై తొమ్మిదికి మార్కులు వెయ్యాలి. పరాంకుశం గారు మొదట తన బొమ్మనే తయారు చేయించుకున్నారు. రెండో అంతస్తు ఎక్కేసరికి మూడుచోట్ల ఆగే మనిషికి వేగం తొంభై తొమ్మిది వేయించుకున్నారు. జిల్లా అధికారి కన్నా అభ్యర్థి వేగంగా ఉండటం క్రమశిక్షణకు విరుద్ధం కాబట్టి మిగతావాళ్లకు ఎనభై దాటకూడదన్నారు.

“సారక్క వేగం ఎంత వెయ్యమంటారు సార్?” అని అడిగాను.

వజ్రమ్మ టీచర్ కిటికీలోంచి చెయ్యి చూపించింది. మా ఆఫీసు ముందే మైదానం ఉంది. “ఎంతేసుడేంది సార్? బయట గ్రౌండున్నది, పిల్లున్నది. ఒక్క నిమిషం ఉరికిచ్చి సూడుండ్రి, మీకే తెలుస్తది.”

“అమ్మా, సర్క్యులర్ ఏడవ పేరా చూడండి. అభ్యర్థి ప్రత్యక్షంగా పరుగెత్తినచో అది సంఘ సభ్యులను ప్రభావితం చేయుటగా పరిగణించబడును” అన్నారు పరాంకుశం గారు.

“ఉరికేటోళ్లు ఉరుకుడు సూసి ప్రభావం గాకపోతే మరి దేన్ని సూసి అయితరు సార్?”

“ప్రొఫార్మా చూసి.”

వేగం నిర్ణయించడానికి బడికి సకాలంలో వచ్చిన రోజుల సంఖ్యను ఆధారం చేసుకున్నాం. సారక్క ఊరి నుంచి బడికి ఏరు దాటి రావాలి. వానాకాలంలో ఆలస్యం అయ్యేది. అందువల్ల వేగం అరవై ఒకటి వచ్చింది. బలానికి బరువు చూశాం కాబట్టి అది ఇంకా తక్కువ. ‘దెబ్బ ఓర్చుకునే శక్తి’ అనే గడికి ఏ రికార్డూ దొరక్క ఖాళీ వదిలేశాను. ఖాళీ వదిలితే గేమ్ దాన్ని సున్నా అనుకుంటుందని నాకు తెలియదు.

బుధవారం ఎంపిక జరిగింది. కంప్యూటర్ పరీక్ష పాసైనవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి మీటల పెట్టె నా చేతికిచ్చారు. అభ్యర్థులు లోపలికి రాకూడదు. వరండాలో బల్ల మీద సారక్క, వజ్రమ్మ టీచర్ కూర్చున్నారు. తెర మీద మాత్రం సారక్క ఇనప టోపీ పెట్టుకుని, భుజాలకు దిండ్లు కట్టుకుని, బస్తాలా ఉబ్బిపోయి నిలబడి ఉంది. వీపు మీద పేరు లేకపోతే వాళ్లమ్మ కూడా గుర్తుపట్టదు.

బంతి సారక్క చేతికి వచ్చింది. నిజం చెబుతున్నాను, ముందు బాగానే ఉరికింది. ఇద్దర్ని తప్పించుకుంది కూడా. నేను కుర్చీ అంచుకు జరిగాను. ఎదురుగా ముగ్గురు దుక్కల్లాంటి వాళ్లు వచ్చారు. పక్కకు తిరగడానికి గుండ్రం మీట నొక్కాలి. కంగారులో చదరం మీట నొక్కాను. సారక్క బొమ్మ అక్కడే ఆగిపోయింది. ముగ్గురూ మీద పడ్డారు. లేచేసరికి తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. మోకాలి నరం తెగింది, ఎనిమిది వారాల విశ్రాంతి అని.

పరాంకుశం గారు వెంటనే ఫైలు తెరిచి రాసుకున్నారు. ‘అభ్యర్థిని గాయపడినందున అనర్హురాలు.’

నేను వరండాలోకి వెళ్లి ఈ సంగతి చెప్పినప్పుడు సారక్క ముందు తన మోకాలి వైపు చూసుకుంది. ఆ తర్వాత నా ముఖం చూసింది.

“నాకేం గాలే సార్. నేనీడ బల్ల మీద కూసోనున్న” అంది. నమ్మనేమో అనుకుని వరండాలోనే నాలుగుసార్లు ఎగిరి చూపించింది. నాకు సిగ్గేసింది. తప్పు నొక్కింది నా వేలు.

గురువారం పొద్దున వజ్రమ్మ టీచర్ ఆమెను పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు గారు రెండు మోకాళ్లూ వంచి చూసి, ఇంత గట్టి మోకాళ్లు ఈ మధ్య చూడలేదని రాసి ముద్ర వేసి ఇచ్చారు. పరాంకుశం గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి వెనక్కి ఇచ్చేశారు.

“డాక్టరు గారి నిపుణతను శంకించుట లేదు. కానీ వారు పరీక్షించినది సంబంధిత మోకాలిని కాదు” అన్నారు.

“సార్, పిల్లకు ఉన్నయే రెండు మోకాళ్లు. ఇంకో మోకాలు యాడికెళ్లి తేవాలె?” అని వజ్రమ్మ టీచర్ గొంతు పెంచింది. “మీ సదానందం సారు మీట తప్పు నొక్కితే పిల్ల బతుకు ఆగం గావాల్నా?”

నేను తల దించుకున్నాను. దించుకున్న తలతోనే గేమ్ పుస్తకం తిరగేశాను. అందులో ‘వారం ముందుకు’ అనే మీట ఉందని అప్పుడే చూశాను. నొక్కిన ప్రతిసారీ గేమ్‌లో ఒక వారం గడిచిపోతుంది. ఎనిమిదిసార్లు నొక్కితే మోకాలు అతుక్కుంటుంది. మన క్యాలెండర్లో అప్పటికి గురువారమే ఉంటుంది. ఈ మాట చెప్పగానే సారక్క మొదటిసారి నవ్వింది.

పరాంకుశం గారు కూడా సానుభూతి లేని మనిషి కాదు. సరేనని, కబురు పెడతామని చెప్పి వాళ్లిద్దర్నీ ఊరికి పంపారు. అయితే ఒక్కో వారం ముందుకు జరపడానికి ఫైల్లో ఒక్కో నోటు రాసి పెట్టాలి, ఒక్కో సంతకం కావాలి. ఎనిమిది నోట్లు రాసేసరికి శనివారం దాటుతుంది. ఆయన గేమ్ తెరను నిదానంగా చూసి, కింద ఉన్న ఇంకో మీట మీద వేలు పెట్టారు.

“ఇదేమిటి సదానందం?”

“‘సీజన్ ముగించు’ సార్. ఏడాది మొత్తం ఒకేసారి గడుస్తుంది.”

“ఒక్క సంతకంతో అయిపోయేదానికి ఎనిమిది సంతకాలెందుకు? ఎనిమిది వారములు ఏడాదిలో అంతర్భాగమే కదా.”

“సార్, ఏడాది ఎక్కువైపోతుందేమో…”

“విశ్రాంతి ఎక్కువైతే నష్టం లేదు” అని సంతకం పెట్టారు. నేను నొక్కాను.

మోకాలు అతుక్కుంది. కానీ సీజన్ ముగిసింది కాబట్టి ఎంపిక ఆటలూ ముగిశాయి. వచ్చే సీజన్లో చేద్దామని మళ్లీ సంతకం పెట్టారు, మళ్లీ నొక్కాను. ఆ సీజన్ కూడా ముగిసిపోయింది. ఆ మీటకు ముగించడం తప్ప ఇంకోటి రాదు. ఆయనకు సంతకం పెట్టడం తప్ప ఇంకోటి రాదు. నాకు నొక్కడం తప్ప ఇంకోటి రాలేదు. అది నా పిరికితనం, ఒప్పుకుంటున్నాను. వద్దు సార్ అని రెండుసార్లు గొణిగాను. గొణుగుడును నోటుగా స్వీకరించే పద్ధతి మా ఆఫీసులో లేదు.

పద్నాలుగో సంతకం అయ్యాక తెర మీద పూలు రాలాయి. సంగీతం వచ్చింది. ముప్పై మూడేళ్ల వయసులో సారక్క క్రీడాజీవితం నుంచి విరమించినట్టు ప్రకటన కనిపించింది.

నేను మీటల పెట్టె బల్ల మీద పెట్టేశాను.

“సార్, ఇదంతా తుడిచేసి మొదట్నుంచి మొదలుపెడదాం. ఒక్క నిమిషం పని” అన్నాను నేను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“రికార్డు తుడిచివేయుట నేరం సదానందం. ఇరవై రెండేళ్ల సర్వీసు గల మీకు నేను చెప్పవలసి వచ్చింది” అని పరాంకుశం గారు నిజంగానే నొచ్చుకున్నారు. కొంతసేపు ఆలోచించి, ముఖం తేటపడి, “పద్నాలుగు సీజన్లు! మన జిల్లా నుంచి ఇంత సుదీర్ఘ కాలం సేవలందించిన క్రీడాకారిణి ఎవరున్నారు? ఆమెను ఊరికే పంపకూడదు” అన్నారు.

అలా శనివారం మధ్యాహ్నం మైదానం అంచున షామియానా వేసి సారక్కకు పదవీ విరమణ సన్మానం చేశాం.

ఆమెకు ఏమని కబురు పెట్టారో నాకు తెలియదు. పత్రం ఇస్తారనుకునే వచ్చింది. ఉతికి ఇస్త్రీ చేసిన చుడీదార్ వేసుకుని, కాళ్లకు పరుగు బూట్లు తొడుక్కుని వచ్చింది. ఒకవేళ ఉరకమంటే ఉరకాల్సి వస్తుందని. వజ్రమ్మ టీచర్ ఫ్లెక్సీ చదివి, చెప్పులు టపటపలాడిస్తూ వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. సారక్క మాత్రం పత్రం మీద ఆశ చావక ఎర్ర కుర్చీలో కూర్చుంది.

పరాంకుశం గారు నలభై నిమిషాలు మాట్లాడారు. “సారక్క గారు ఈ రంగమునకు తమ యవ్వనమంతా ధారపోశారు. మోకాలు సహకరించకపోయినా వెరవలేదు. శేషజీవితం వారు మనుమలతో ప్రశాంతంగా గడపాలని ఆకాంక్షిస్తున్నాను” అన్నారు. వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు, గోడగడియారం ఇచ్చారు, బత్తాయిల బుట్ట ఇచ్చారు. రెండు మాటలు మాట్లాడమని మైకు ఆమె ముందు పెట్టారు.

సారక్క లేచింది. “సార్, నేనింక ఒక్కసారి గూడ ఉరకలే” అంది.

మైకు అప్పటికే ఆపేశారు. వందన సమర్పణ మొదలైంది. సారక్క నా దగ్గరికి వచ్చి, “పత్రం సార్?” అని నెమ్మదిగా అడిగింది. నేను లేదన్నట్టు తలాడించాను. ఆ పిల్ల ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. శాలువా మడిచి కుర్చీ మీద పెట్టింది, దాని మీద గడియారం పెట్టింది. బత్తాయిల బుట్ట నా చేతికిచ్చింది.

అప్పుడే మైదానం అవతలి రోడ్డు మీద వాళ్ల ఊరి బస్సు కదిలింది. అది పోతే మళ్లీ సోమవారమే. సారక్క ఒక్కసారి బస్సు వైపు చూసి ఉరికింది.

ఆ పరుగు ఎలా ఉందో రాయడం నాకు చేతకాదు. ఫైలు భాషలో అసలే కుదరదు. మైదానం ఈ చివర ఉన్న పిల్ల, మేము తల తిప్పేసరికి ఆ చివర ఉంది. రాళ్లు అడ్డం రాలేదు, ఎండ అడ్డం రాలేదు, వెనక లేచిన దుమ్ము ఆమెను అందుకోలేకపోయింది. వేగం పెంచుతున్న బస్సు కమ్మీ పట్టుకుని ఎగిరి ఎక్కేసింది. షామియానా కింద ఉన్నవాళ్లందరూ ఎవరూ చెప్పకుండానే లేచి నిలబడ్డారు.

పరాంకుశం గారికి దూరపు చూపు తక్కువ. కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకున్నారు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

“అబ్బ! ఏమి పరుగు సదానందం! ఇరవై ఏళ్లలో ఇటువంటి పరుగు చూడలేదు. ఇంకా గంట టైముంది, పత్రం మీద వెంటనే పేరు రాయండి. ఎవరా పిల్ల?”

నా జేబులో పత్రం ఖాళీగానే ఉంది. బుట్ట కింద పెట్టి పేరు రాశాను. రాసి ఆయనకు చూపించాను.

“సారక్కే సార్.”

ఆయన పత్రం వైపు, కుర్చీ మీది శాలువా వైపు మార్చి మార్చి చూశారు. వెలుగు మెల్లగా తగ్గింది.

“ఆమె రిటైరైంది కదా” అన్నారు. “కొట్టెయ్యండి.”

కొట్టేశాను.